తండా పిల్లల గోర్‌బోలి, యూరప్ చిన్న భాషలు: ఒక సందేహం

ప్రశ్న: గుత్తి ప్రాంత ఉపాధ్యాయుడు

అనంతపురం జిల్లాలో, గుత్తికి దగ్గరగా ఉన్న ఒక తండా బడిలో పనిచేస్తున్నాను. ఇంట్లో తమ భాష గోర్‌బోలిలో నీళ్లను పాణి అనీ, రొట్టెను బాటి అనీ అంటూ పెరిగిన సుగాలి (లంబాడీ) పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒక్కసారే మీద పడగా నెలల తరబడి నోరు మెదపరు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో చెబుతోంది. రాయదుర్గం వైపు కన్నడానికి, కర్నూలులో ఉర్దూకు బడులున్నాయి. సుగాలీలు ఎన్నో రాష్ట్రాల్లో ఉన్నారు గాని, ఇది మా గడ్డ అని చెప్పుకోదగిన జిల్లా ఒక్కటీ లేదు. యూరప్‌లో చిన్న భాషలను కాపాడే ఒడంబడిక ఉందని విన్నాను. ఇటువంటి భాషకు అందులో చోటుందా?

జవాబు: కర్నూలు, విశ్రాంత అధ్యాపకుడు

అయ్యవారికి నమస్కారం. చోటుంది, కాని వెనక వరుసలో. ఐరోపా మండలి (కౌన్సిల్ ఆఫ్ యూరప్) ఆధ్వర్యంలో 1992లో రూపొంది 1998 మార్చి 1న అమల్లోకి వచ్చిన ఆ ఒడంబడిక, ఒక ప్రాంతానికి ముడిపడని భాషలను కూడా గుర్తిస్తుంది. రోమానీ అలాంటిదే. శతాబ్దాల కిందట మన దేశం నుంచి వెళ్లినవారి భాష అది; గోర్‌బోలిలాగే ఇండో-ఆర్య కుటుంబానిది. విద్య, న్యాయస్థానాలు, ప్రసారాల వంటి రంగాల్లోని హామీల జాబితా నుంచి ప్రతి ప్రభుత్వం తాను ఎంచుకున్న భాషకు కనీసం 35 అంశాలను ఒప్పుకోవాలి. ఏ భాషకు ఒప్పుకోవాలన్నది దాని ఇష్టం! స్వీడన్ 2000లో రోమానీని ఐదు జాతీయ అల్పసంఖ్యాక భాషల్లో ఒకటిగా గుర్తించింది గాని, ఈ జాబితాను దానికి వర్తింపజేయలేదు. ఫ్రాన్స్ 1999లో సంతకం చేసి, ఇంతవరకు ధ్రువీకరించనే లేదు. వలస వచ్చినవారి భాషలకు ఇది వర్తించదు కాబట్టి బెర్లిన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇందులో దక్కేది ఏమీ లేదు.

జవాబు: కడప, కార్డిఫ్‌లో కొన్నేళ్లు ఉన్నవాణ్ని

చట్టం ఎంత బలంగా ఉన్నా చాలదనడానికి బ్రిటన్‌లోని వేల్స్ చూడండి. అక్కడి భాష వెల్ష్‌లో టీవీ ఛానల్ ఇస్తామన్న మాట బ్రిటన్ ప్రభుత్వం తప్పడంతో, ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని వెల్ష్ జాతీయవాద నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్ 1980లో ప్రకటించారు. పొట్టి శ్రీరాములు గారి విషయంలోలా ప్రాణం పోయేదాకా రానీయకుండా, దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. 1982లో ఆ వెల్ష్ ఛానల్, ఎస్4సి, ప్రసారాలు మొదలయ్యాయి. ఇంత పోరాడినా, 2021 జనగణనలో వెల్ష్ వచ్చినవారు 17.8 శాతమే, పదేళ్ల కిందట 19 శాతం. దారి పలకల మీద రెండు భాషలూ ఉన్నాయి, నేను వెళ్లిన దుకాణాల్లో మాత్రం ఇంగ్లీషే వినబడేది.

జవాబు: అనంతపురం, సుగాలి కుటుంబం నుంచి

చట్టం కోసం కాచుకునే కన్నా ఫిన్లాండ్‌లో ఇనారి సామీ అనే చిన్న భాష మాట్లాడేవారిని చూడడం మేలు. వారు కొన్ని వందలమందే. న్యూజిలాండ్ మావోరీల పద్ధతి చూసి 1997లో ‘భాషా గూడు’ పెట్టారు: బడి వయసు రాని పిల్లలతో పెద్దలు రోజంతా ఆ భాషే మాట్లాడతారు, పాఠం చెప్పరు. మా నాయనమ్మకు అక్షరం రాదు, కాని తండాలో ఆ పని చేయగలిగినవారిలో ఆమెను మించినవారు లేరు.

ప్రశ్న వేసినవారు

మీ నాయనమ్మ గారి వంటి ఒకరిని మా అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టమని సర్పంచి గారిని అడుగుతాను. గోడల మీద గోర్‌బోలి పేర్లు రాయాల్సి వస్తే తెలుగు లిపిలో రాస్తే మీ పెద్దలకు అభ్యంతరం ఉంటుందా, లేక దేవనాగరి కావాలంటారా?