భద్రాచలం వరద: అమ్మతో ఎప్పుడు కదలాలి?

మాది భద్రాచలంలో గ్రౌండ్ ఫ్లోర్. గోదావరి ఈ ఉదయం 6కి 44 అడుగులు, సాయంత్రం 5కి 47.2. 48 దాటితే రెండో హెచ్చరిక. 2022లో 71.3 వచ్చినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు, బ్రిడ్జి కూడా మూసేశారు.

అమ్మకు రాత్రంతా ఆక్సిజన్ మెషిన్ ఉండాలి. ఇన్వర్టర్ మీద పెట్టి చూస్తే రెండు గంటలే వచ్చింది. పునరావాస కేంద్రంలో జనరేటర్ ఉందా అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పై వాటా వాళ్లు రమ్మంటున్నారు గానీ, కరెంటు తీసేస్తే పైనైనా అంతేగా! కొత్తగూడెంలో అక్క ఇల్లుంది. ఆటోలో అమ్మ అంతదూరం కూర్చోలేదు. కారు మాట్లాడితే రేపు ఉదయం 9కి గానీ రాదట.

ఇక్కడి వరదలు చూసినవాళ్లు చెప్పండి: నీటిమట్టం ఎన్ని అడుగులకు చేరితే సారపాక మీదుగా కొత్తగూడెం దారి మూసుకుపోతుంది?