‘నియంత్రణ మండలి’ అనగానే సర్కారు ఆఫీసు గుర్తొస్తోంది, ఏం చేద్దాం?

ప్రశ్న: బీసీసీఐని పాఠాల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘భారత క్రికెట్ నియంత్రణ మండలి’ అని రాస్తున్నారు. అది చదివిన పిల్లలు కేంద్ర ప్రభుత్వ సంస్థ అనుకుంటున్నారు. ‘నియంత్రణ’ అక్కడ సరైన మాటేనా? సంఘం అనో సమాఖ్య అనో అనకూడదా?

జవాబు: ఇంగ్లీషు పేరులోనే ‘బోర్డ్ ఆఫ్ కంట్రోల్’ ఉంది కాబట్టి అనువాదాన్ని తప్పుపట్టలేమండీ. చిక్కు తెలుగు వైపు ఉంది. మనకు నియంత్రణ మండలి అంటే కాలుష్య నియంత్రణ మండలి. అది చట్టం చేసి పెట్టిన సంస్థ, నోటీసులిస్తుంది, ఫ్యాక్టరీలు మూయిస్తుంది. బీసీసీఐ ఏ చట్టంతోనూ పుట్టలేదు. 1928 డిసెంబరులో ఏర్పడింది, సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా రిజిస్ట్రేషన్ తమిళనాడుదే. చట్టం దృష్టిలో మీ అపార్ట్‌మెంట్ సంఘానికి దగ్గరి చుట్టమే, ఆదాయం సంగతి వదిలేయండి!

ఆ ‘కంట్రోల్’ అప్పటి క్రికెట్ లోకంలో వాడుక మాట. ఇంగ్లండులో స్వదేశీ టెస్టులకు 1898లో పెట్టిన సంస్థ పేరు బోర్డ్ ఆఫ్ కంట్రోల్. 1905లో ఆస్ట్రేలియా కూడా అదే పేరు పెట్టుకుంది. అక్కడ అసలు గొడవ విదేశీ పర్యటనలు ఎవరి చేతిలో ఉండాలన్నది. అంతకుముందు ఆ పెత్తనం చాలావరకు ఆటగాళ్లది. బోర్డు దాన్ని లాక్కుంటుంటే 1912లో ఆరుగురు పేరున్న ఆటగాళ్లు ఇంగ్లండు పర్యటనకు రామన్నారు. కంట్రోల్ అంటే ఆ కాలంలో అచ్చంగా అదే అర్థం. ఆస్ట్రేలియా 1973లో ఆ మాట తీసేసింది, పాకిస్తాన్ కూడా తర్వాత వదిలించుకుంది. మనం అట్టే పెట్టుకున్నాం.

మన బోర్డుకు మొదటి అధ్యక్షుడు గ్రాంట్ గోవన్, కార్యదర్శి ఆంథొనీ డి మెల్లో. 1932లో లార్డ్స్‌లో తొలి టెస్టుకు సి.కె. నాయుడు కెప్టెన్. 1936 ఇంగ్లండు పర్యటనకు ఆ పదవి విజయనగరం మహారాజకుమార్‌కు, అంటే ‘విజ్జీ’కి దక్కింది. జట్టులో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. 1954లో అదే విజ్జీ బోర్డు అధ్యక్షుడయ్యారు. నియంత్రణకు, నియంతకు ధాతువు ఒకటేనన్న సంగతి నాకు ఇక్కడే గుర్తొస్తుంది.

మరొకరు: ధాతువు బాగుంది కానీ సార్, దేశం పేరుతో జట్టును పంపే సంస్థను ప్రైవేటు సంఘం అంటే ఎలా?

జవాబు: సుప్రీంకోర్టు కూడా ఇక్కడే తర్జనభర్జన పడింది. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐ రాజ్యాంగం 12వ అధికరణ చెప్పే ‘రాజ్యం’ (అంటే ప్రభుత్వం, దాని సంస్థలు) కిందికి రాదంది, అదీ ముగ్గురు జడ్జిలు రాదంటే ఇద్దరు వస్తుందన్న తీర్పు. 2015లో బిహార్ క్రికెట్ సంఘం కేసులో, చేసేది ప్రజలకు సంబంధించిన పని కాబట్టి 226వ అధికరణ కింద హైకోర్టులో ప్రశ్నించవచ్చని చెప్పింది. ప్రభుత్వం కాదు, పూర్తిగా ఇంటి వ్యవహారమూ కాదు. దీనికి తెలుగులో ఒక్క మాట దొరకడం కష్టమే.

మొదటి ప్రశ్న అడిగినవారు: అయితే సమాఖ్య? ఫుట్‌బాల్‌కు అదే వాడుతున్నాం కదండీ.

జవాబు: నిర్మాణాన్ని బట్టి నా ఓటు దానికే. బీసీసీఐలో సభ్యులు మనుషులు కారు, ప్రధానంగా రాష్ట్ర సంఘాలు. బోర్డు సంస్కరణలకు సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ ‘ఒక రాష్ట్రం, ఒక ఓటు’ అంటే, 2018లో కోర్టు తీర్పులో మహారాష్ట్ర, గుజరాత్‌లకు పాత సంఘాలన్నీ మిగిలాయి, అంటే చెరి మూడు ఓట్లు. మనకైతే రాష్ట్రం విడిపోకముందే హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు వేరువేరుగా ఉండేవి. ఓటు సంఘాలదైనప్పుడు సమాఖ్య అనడమే సూటిగా ఉంటుంది. వార్తల్లో మాత్రం ‘బోర్డు’ చాలు, అందరికీ తెలిసిందే. పుస్తకాల్లో అధికారిక పేరు మార్చే హక్కు మనకు లేదు కాబట్టి, పక్కన ‘రాష్ట్ర క్రికెట్ సంఘాల సమాఖ్య’ అని ఒక ముక్క చేరిస్తే పిల్లలకు తికమక ఉండదు.

ఇంకొకరు: బోర్డు పదవుల విషయంలో వినిపించే ‘కూలింగ్ ఆఫ్’కు ఏమంటారు? ఒకచోట ‘శీతలీకరణ కాలం’ అని చదివి నవ్వుకున్నాను.

జవాబు: ‘పదవీ విరామం’ సరిపోతుంది. వరుసగా ఆరేళ్లు పదవిలో ఉన్నవారు మూడేళ్లు ఆగాలన్నది 2018 నాటి నియమం. రాష్ట్ర సంఘం పదవిలో గడిపిన కాలాన్నీ బోర్డులో గడిపిన కాలాన్నీ అప్పుడు కలిపి లెక్కేసేవారు. 2022 సెప్టెంబరులో కోర్టు అనుమతితో రెంటినీ విడదీశారు, దాంతో అక్కడ ఆరు, ఇక్కడ ఆరు, కలిపి 12 ఏళ్ల దాకా వీలైంది. శీతలీకరణ అని రాసినవారికి ఫ్రిజ్ గుర్తొచ్చి ఉంటుంది లెండి.