అప్‌డేట్: మట్టికట్ట కింద ఊట సంగతి

వరద ఆపే చిన్న మట్టికట్ట వెనకవైపు అడుగున తడి కనిపిస్తోంది, బంకమట్టితో మూసేయనా అని పోయిన నెల అడిగాను కదా, వద్దన్నవాళ్లందరికీ దండం. చెప్పినట్టే ఆ నీళ్లు రోజూ గాజు సీసాలో పట్టి ఉంచాను. రెండు రోజులు తేటగానే ఉన్నాయి, మూడో రోజు పెద్ద వాన పడ్డాక పట్టిన సీసాలో మాత్రం అడుగున వేలి మందాన ఒండ్రు పేరుకుంది. అంటే నీళ్లతో పాటు కట్ట లోపలి మట్టీ కొట్టుకొస్తోందన్నమాట. ఆ రాత్రంతా టెన్షన్.

తూము తెరిచి నీటిమట్టం మెల్లగా దించాం (ఒక్కసారే దించితే లోపలి వాలు జారిపోతుందట). ఇంజినీరు చూస్తే ఊట నీళ్లొచ్చే దారి తూము గొట్టం వెంబడే ఉంది, కట్టినప్పుడు అక్కడ మట్టిని సరిగ్గా దిమ్మిస కొట్టలేదు. ఊట మీద ముందు ఇసుక, తర్వాత సన్న కంకర, పైన రాళ్లు పరిపించాడు. ఇప్పుడు నీళ్లొస్తున్నాయి గానీ మట్టి రావట్లేదు. ఇది తాత్కాలికమే, చెరువు ఎండాక గొట్టం చుట్టూ తవ్వి పలచటి పొరలుగా మళ్లీ కొట్టాలి.

అన్నట్టు, ఎక్కువ నీళ్లు నిలుస్తాయని అలుగు (నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) మీద ఇసుక బస్తాలు పేర్చిన ఘనత కూడా నాదే, తీసేశాను, ఇక తిట్టకండి.