ఏఐఎస్ సిగ్నల్ వాటర్‌ఫాల్‌లో కనిపిస్తోంది, డీకోడ్ మాత్రం కావట్లేదు

తీరంగాలి:
ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూఎస్‌బీ రేడియో రిసీవర్) ఓడల ఏఐఎస్ (ఓడలు తమ పేరు, ఉన్న చోటు రేడియోలో పంపే సిగ్నల్) పట్టుకుందామని చూస్తున్నా. 162 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లను తెరమీద గీతలుగా చూపే చిత్రం) చిన్న గీతలు టక్కున మెరిసి పోతున్నాయి, డీకోడర్‌లో (సిగ్నల్‌ని మెసేజ్‌గా మార్చే ప్రోగ్రాం) ఒక్క మెసేజ్ కూడా లేదు. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) మొత్తం పెంచేశా. ఇంకేం చూడాలి?

గీతలరాయుడు:
గీతలు కనిపిస్తున్నాయంటే సగం పని అయినట్టే. ఛానెళ్లు రెండు, 161.975, 162.025, మధ్యలో 162.000 పెట్టారు కాబట్టి రెండూ దొరుకుతాయి, అది సరే. ముందు పీపీఎం, అంటే ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో ఎన్ని వంతులు తప్పుతోందో చూడండి. చవక డాంగిల్‌లో ఫ్రీక్వెన్సీకి ఆధారమైన క్రిస్టల్ 60 పీపీఎం తప్పితే ఇక్కడ దాదాపు 10 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగినట్టు, ఛానెల్ వెడల్పే 25, ఇక డీకోడర్ ఏం చేస్తుంది పాపం. డాంగిల్ బాగా వేడెక్కాక, ఫ్రీక్వెన్సీ కచ్చితంగా తెలిసిన సిగ్నల్‌తో సరిచూసుకోండి.

పాతరేడియో:
నాకైతే గెయిన్ మీదే అనుమానం. దగ్గర్లో బలమైన ఎఫ్ఎం స్టేషన్ ఉంటే ఫుల్ గెయిన్‌లో డాంగిల్ ఉక్కిరిబిక్కిరి అయిపోతుంది. మెల్లగా తగ్గిస్తూ రండి, వెనక రొద పడిపోయి గీత మాత్రం నిలిచే చోట ఆపండి. అప్పటికీ కాకపోతే ఎఫ్ఎంని ఆపే ఫిల్టర్ పెట్టాలి. ఏంటెన్నా నిలువుగానే ఉందా? క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో నాలుగో వంతు) రాడ్ అయితే 46 సెంటీమీటర్లు.

తీరంగాలి:
పీపీఎం సరిచేసి గెయిన్ తగ్గించగానే మెసేజ్‌లు మొదలయ్యాయి, థాంక్సండీ! ఒక ఓడ మాత్రం 3 నిమిషాలకోసారే పలుకుతోంది, సిగ్నల్ వీకా?

పాతరేడియో:
కాదు, లంగరేసి ఉంటుంది. పెద్ద ఓడలు కదులుతుంటే 2 నుంచి 10 సెకన్లకోసారి పంపుతాయి, ఆగితే 3 నిమిషాలకోసారి.