బేస్‌బాల్ ఆటగాడు జాక్సన్ హాలిడే ఆట గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మేం అమెరికాలో బాల్టిమోర్ దగ్గర ఉంటాం. మా పన్నెండేళ్ల బాబు స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో సెకండ్ బేస్ ఆడతాడు, అంటే రెండో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తాడు. ఇక్కడి ఓరియోల్స్ జట్టులోని జాక్సన్ హాలిడే అంటే వాడికి ప్రాణం. ఈ మధ్య వరుసగా అవుట్ అవుతుండటంతో ఇక ఆడనంటున్నాడు. నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు, అందుకే అడుగుతున్నాను.

హాలిడే 2022 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొట్టమొదటి ఎంపిక. 2024 ఏప్రిల్‌లో, ఇరవై ఏళ్లకే అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కి వచ్చాడు. పది మ్యాచ్‌ల్లో 34 సార్లు బ్యాటింగ్ చేస్తే రెండే హిట్లు, అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరింది రెండుసార్లే. వెంటనే నార్‌ఫోక్‌లోని ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది స్థాయి) జట్టుకి పంపేశారు. జులై 31న తిరిగొచ్చిన రోజే గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌ల్లోనూ తన జట్టు రన్నర్లు ఉండగా హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టాడు. మేజర్ లీగ్‌లో హాలిడే మొదటి హోమ్ రన్ కూడా అదే. ఆ వీడియో మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో!

ట్రిపుల్-ఏలో గడిపిన ఆ మూడు నెలల్లో హాలిడే బ్యాటింగ్‌లో ఏం మార్చుకున్నాడు? కాలు ఎత్తడంలోనా, బంతిని ఎంచుకోవడంలోనా? షార్ట్‌స్టాప్‌గా (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎంపికైన కుర్రాడు సెకండ్ బేస్‌కి మారితే కాళ్ల కదలికలో, త్రోలో ఏం కొత్తగా నేర్చుకోవాలి? ఈ వయసు పిల్లలకి కోచింగ్ ఇచ్చినవాళ్లుంటే, ఇంటి వెనక పెరట్లో నేను వాడితో చేయించగలిగే ప్రాక్టీస్ ఏదైనా చెప్పండి. వచ్చే శనివారం మ్యాచ్ ఉంది, నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.