రిస్క్ లేని కాన్పు మిడ్‌వైఫ్ చేతిలో పెట్టొచ్చా?

కరీంనగర్ అల్లుడు
మా ఆవిడకి 34వ వారం. మొదటి కాన్పు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. పురుడు పుట్టింట్లోనే కాబట్టి కరీంనగర్‌లో చూపిస్తున్నాం. మొన్న సర్కారు దవాఖానాలో "అంతా బాగుంది, మిడ్‌వైఫ్‌లు చూసుకుంటారు, అవసరమైతేనే డాక్టర్ వస్తారు" అన్నారు. మా ఆవిడకి నచ్చింది. మా మామయ్యది మాత్రం ఒకటే మాట: "పైసలు లేకనా మంత్రసాని దగ్గరికి పంపేది?" ఆయన ప్రైవేటులో మాట్లాడొచ్చారు, పంతులు దగ్గర మంచి రోజు కూడా చూసుకొచ్చారు. డాక్టర్ లేకుండా కాన్పు సరైనదేనా? రెండువైపులా చెప్పండి, తిట్టుకోకండి.

గైనిక్ డాక్టర్
తిట్టను గానీ గట్టిగానే చెప్తా. 'రిస్క్ లేని కాన్పు' అనేది కాన్పు అయిపోయాక చెప్పే మాట. పొద్దున నవ్వుతూ నడిచొచ్చిన అమ్మాయికి సాయంత్రం మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడకపోతే రక్తం ఆగదు. అరలీటరు దాటిందంటే మేం పరుగు మొదలుపెట్టాలి. రక్తం ఎక్కించాలి, ఒక్కోసారి పొట్ట తెరవాలి. అది మిడ్‌వైఫ్ పని కాదు. 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష జననాలకి 97 మంది తల్లులు పోతే, తెలంగాణలో 43. ఇంటి పురుళ్ళు మానిపించి ఆసుపత్రికి తెచ్చినందువల్ల ఎంతమంది బతికారో మర్చిపోవద్దు.

పాత ముచ్చట
మా నాయనమ్మ ఊళ్ళో మంత్రసాని. డాక్టర్ ముఖం చూడకుండానే వందల పురుళ్ళు పోసింది. అప్పుడు లేని కోతలు ఇప్పుడెందుకో ఎవరైనా చెప్పండి.

లేబర్‌రూమ్ సిస్టర్
అన్నా, మీ నాయనమ్మకి దండం. కానీ పోయినవాళ్ళు ఆ వందల్లోకి రారు. కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లల సంగతి పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు.

నేను మంత్రసానిని కాను. నర్సింగ్ చదివి, ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి, ఆపైన 18 నెలలు మిడ్‌వైఫరీ ట్రైనింగ్ తీసుకున్నా. మన రాష్ట్రంలో ప్రభుత్వం ఈ కోర్సును 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పుల ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి మొదలుపెట్టింది. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరుగారూ, మీరు చెప్పిన రక్తస్రావం మాకు కొత్త కాదు. బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపు తొడకి గర్భసంచి గట్టిపడే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు వేసేది మేమే, గర్భసంచి గట్టిపడిందా లేదా అని పొట్ట మీద చేయి పెట్టి చూసేదీ మేమే. మా యూనిట్ ఉండేది ఆపరేషన్ థియేటర్ పక్కనే, ఊరవతల కాదు.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని సామెత. మాకు నేర్పింది దానికి తిరగేసి: ఏది పట్టకూడదో ముందే కనిపెట్టాలి. బీపీ పెరిగినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా డాక్టర్‌కి కబురు పోతుంది.

రెండు కోతల తల్లి
నా సంగతి చెప్తా. ప్రైవేటు, పేరు వద్దు. రాత్రి తొమ్మిదింటికి గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంది అన్నారు. వెల్లకిలా పడుకోబెట్టి డ్రిప్ పెట్టారు. అమ్మని బయటే ఆపేశారు. తెల్లారేదాకా నాతో మాట్లాడింది ఒక్క ఆయమ్మ, అదీ "అరవకు" అని. ఇద్దరు కలిసి మోచేతులతో పొట్ట మీద నొక్కారు. ఐదింటికి "ముందుకు కదలట్లేదు" అని పెద్దాపరేషన్. రెండోసారి అడిగే పనే లేదు, మొదటిది కోత కాబట్టి రెండోదీ కోత. ఆపరేషన్ తప్పని నేననను, అవసరమే అయ్యుండొచ్చు. ఆ ఎనిమిది గంటలు నా పక్కన ఒక మనిషి ఎందుకు లేదనేదే నా బాధ.

గైనిక్ డాక్టర్
అమ్మా, మీతో వాదించను. పొట్ట మీద నొక్కొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నొప్పులు గట్టిగా ఊపందుకోవడం 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టాలనీ, గంటకో సెంటీమీటర్ తెరుచుకోలేదని తొందరపడొద్దనీ కూడా అప్పుడే చెప్పింది. 4 దగ్గర 'కదలట్లేదు' అనడం మా వాళ్ళ పాత అలవాటు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటులో అయితే 81.5. వీటిని వెనకేసుకు రావడానికి నాకు నోరు రాదు. కానీ సర్కారు ఆసుపత్రుల్లోనూ 44.5 ఉంది, కాబట్టి అంతా పైసల కోసమే అనకండి. ముహూర్తం కాగితం పట్టుకొచ్చేది ఇంటివాళ్ళే. ఏదైనా జరిగితే పగిలేది మా అద్దాలే.

జాతకం
ఎలాగూ ఆపరేషనే అయినప్పుడు మంచి ఘడియలో చేస్తే మీకేం నష్టం?

లేబర్‌రూమ్ సిస్టర్
'ఎలాగూ' అయితే నష్టం లేదు. ఆ 'ఎలాగూ'ని పంతులు ఖాయం చేస్తున్నాడు. అక్కడే ఉంది చిక్కు. మొదటి కోత మీద రెండోది, దాని మీద మూడోది. పాత కోత మీద మాయ అతుక్కుపోతే గర్భసంచే తీసేయాల్సి వస్తుంది.

లీడ్స్ అక్క
ఇంగ్లండ్‌లో నా కాన్పు మిడ్‌వైఫే చేసింది. డాక్టర్ మొహం చూడలేదు, మత్తు ఇంజెక్షన్ అడిగినప్పుడు మాత్రం ఒకాయన వచ్చి వెన్నులో వేసి వెళ్ళాడు. నాకు బాగానే జరిగింది. కానీ ఇక్కడి కథ పూర్తిగా వినండి. ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల మీద 2022లో విచారణ నివేదిక వచ్చింది. సరైన వైద్యం అంది ఉంటే 201 మంది పిల్లలు బతికి ఉండేవారేమో అని తేల్చారు. సిజేరియన్లు తక్కువన్న పేరు నిలబెట్టుకోవడానికి అవసరమైన చోట కూడా వెనకాడారట. మనవాళ్ళు 60ని 30 చేస్తామని టార్గెట్లు పెట్టుకుంటే నాకు అదే భయం.

గైనిక్ డాక్టర్
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. సిస్టర్‌గారూ, ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. నైట్ డ్యూటీలో మీరెంతమంది? నొప్పులు పడేవాళ్ళు ఎంతమంది?

లేబర్‌రూమ్ సిస్టర్
మంచి ప్రశ్న, డాక్టరుగారూ. మొన్న ఇద్దరం, ఏడుగురు తల్లులు. స్టాఫ్ తక్కువైతే మమ్మల్ని వార్డు డ్యూటీకి వేసేస్తారు, అప్పుడు 18 నెలలు నేర్చుకున్నది మందులు పంచడానికే. నేను పూర్తిగా పక్కన ఉండగలిగిన రాత్రి ఎలా ఉంటుందో చెప్తా. ఒంటిగంటకి ఒక అమ్మాయి వచ్చింది, వణికిపోతోంది. మంచం ఎక్కించలేదు. గోడ పట్టుకుని నిలబడింది, నొప్పి వచ్చినప్పుడల్లా నా భుజం మీద తల పెట్టి ఊగింది. నడుము కింద అరచేత్తో నొక్కి పట్టుకున్నా. మధ్యలో టీ తాగించా, పావుగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు విన్నా. తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఉండి కన్నది, కుట్లు పడలేదు. నా భుజం మీద పంటిగాటు మాత్రం రెండ్రోజులు ఉంది.

రెండు కోతల తల్లి
సిస్టర్, ఆ భుజం గురించే నేను చెప్పింది.

కరీంనగర్ అల్లుడు
అందరికీ థాంక్స్. నిన్న వెళ్ళి లేబర్ రూమ్ చూసొచ్చాం. డాక్టరుగారి ప్రశ్నే అడిగా: రాత్రి ఎంతమంది ఉంటారు, థియేటర్ ఎంత దూరం, మత్తు డాక్టర్ ఇరవైనాలుగ్గంటలూ ఉంటారా అని. థియేటర్ అదే అంతస్తులో ఉంది, మత్తు డాక్టర్ రాత్రి ఆన్‌కాల్. మామయ్య ఆ 'ఆన్‌కాల్'ని పట్టుకున్నారు, ఆయన మాటా కొట్టిపారేయలేం. ఎంతసేపట్లో వస్తారో కనుక్కుంటున్నా. అత్తమ్మ మాత్రం "లోపల మేమెవరమైనా ఉండొచ్చా?" అని ఒక్కటే అడిగింది. ఒక ఆడమనిషిని ఉండనిస్తారట. ఇప్పుడు మా ఇంట్లో ముహూర్తం మాట పక్కకి పోయింది, ఆ ఒక్కరు అత్తమ్మా, మా అమ్మా అన్నదే గొడవ.