కొట్లో కొన్న అలసందలని విత్తనంగా పంచొచ్చా, వద్దా?

మారతహళ్ళి_మిద్దెతోట:
ఆదివారం మన బెంగళూరు మిద్దెతోటల వాళ్ళం విత్తనాలు మార్చుకుంటున్నాం కదా, కిరాణా కొట్టు అలసందలు తేవద్దని కొందరంటున్నారు, నాకైతే అది అస్సలు నచ్చలేదు. కేఆర్ మార్కెట్‌కి వెళ్ళి చూడండి, నల్ల కన్నున్న తెల్లవి, ఎర్రవి, గోధుమరంగువి, సీడ్ ప్యాకెట్లలో ఇన్ని రంగులు ఎక్కడ దొరుకుతాయి? పైగా అలసంద పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది, చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, తేనెటీగల వల్ల కలిసేది చాలా తక్కువ, అందుకని ఎర్రగింజ వేస్తే దాదాపు ఎర్రగింజే వస్తుంది. బద్దలు చేసిన పప్పు మొలవదు, నిజమే, కానీ గుండుగింజ అయితే మొలుస్తుంది కదండీ.

జేపీనగర్_అక్క:
మొలవదని ఎవరన్నారు తమ్ముడూ? పొట్టి మొక్కో తీగో, కాయ లేతగా ఉంటుందో పీచు పడుతుందో కొట్టువాడికి తెలీదు, నీకూ తెలీదు. పొడుగు కాయలు కావాలంటే మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క మంగళ రకం ఉంది, హాయిగా అది వేసుకోవచ్చు. కానీ నా అసలు భయం మొజాయిక్ తెగులు. అది విత్తనంలోనే వస్తుంది, గింజని ఎంత చూసినా కనిపెట్టలేం, మొలిచాక ఆకుల్లో ముదురు లేత పచ్చ మచ్చలు, ముడతలు కనబడతాయి, ఈలోపు పేనుబంక దాన్ని పక్క కుండీల్లోకి మోసేస్తుంది. నువ్వు ప్రేమగా పంచే పొట్లంతో తెగులు కూడా అందరి మిద్దెలకీ ఎక్కుతుంది.

మారతహళ్ళి_మిద్దెతోట:
మరి విత్తనం దాచుకుని పంచుకోవడం మన హక్కు కదక్కా, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ అదే చెప్తోంది.

జేపీనగర్_అక్క:
అది రైతు తను పండించిన దాని గురించి. కొట్లో కిలో కొని పొట్లాలు కట్టడం గురించి కాదు.

అనంతపురం_టు_వైట్‌ఫీల్డ్:
ఇద్దరూ ఒక్క నిమిషం. పంచడం ఆపొద్దు, కొన్న గింజ మాత్రం పంచొద్దు, పండించి పంచండి. ముందు ఓ ఇరవై గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే పాత సరుకో కాదో తేలిపోతుంది. రంగు రంగు వేరుగా వేయండి, మచ్చల ఆకు కనబడిన మొక్కని జాలిపడకుండా పీకేయండి, బాగున్న మొక్కల మీదే కాయ ఎండనిచ్చి విత్తనం తీయండి. అట్లా చేసినా తెగులు అస్సలు లేదని గ్యారంటీ ఏమీ లేదు, కాకపోతే ఆ మొక్కని మీరు కళ్ళతో చూసుంటారు. మా వైపు పెద్దోళ్ళు చేసింది ఇదే, గింజ కొన్నా అప్పు తెచ్చినా ముందు తమ చేలో చూసుకునే పక్కోళ్ళకి ఇచ్చేవాళ్ళు. ఇంకోటి, సూపర్‌మార్కెట్‌లో ఫారిన్ సరుకు దొరికితే తినండి, నాటొద్దు. బయటి దేశాల నుంచి మొక్కలు, గింజలు తేవడం మీద ఉన్న 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం తినడానికి తెచ్చే గింజకి ఒక రూలు, విత్తడానికి తెచ్చేదానికి వేరే రూలు.

మారతహళ్ళి_మిద్దెతోట:
ఇది ఒప్పుకుంటానన్నా. కానీ మార్కెట్ గింజ నుంచి వచ్చిందని చిన్నచూపు మాత్రం వద్దు, ఒక సీజన్ పండించాక అది కూడా విత్తనమే.

జేపీనగర్_అక్క:
సరే, అయితే పొట్లం మీద గింజ రంగు, ఎక్కడ కొన్నావు, ఎప్పుడు కోశావు, తీగో పొట్టి మొక్కో అన్నీ రాయాలి. బాగా ఎండబెట్టాక డబ్బాలో పెట్టి ఓ వారం ఫ్రీజర్‌లో ఉంచి తీసుకురా, పుచ్చు పురుగు పట్టిన పొట్లం నా టేబుల్ మీద పెట్టనివ్వను.